కీటకాల గమన రీతులు

కీటకాల గమనం అన్నప్పుడు నడక, పరుగు, పాకడం, గెంతడం, ఈదడం, నీటి మీద జారడం, గాలిలో తేలుతూ దిగడం, ఎగరడం అన్నీ అందులోకి వస్తాయి. ఇన్ని పనులకూ ఆధారమైన పదార్థం మాత్రం ఒక్కటే. అది కీటకం ఒంటిని బయటి నుంచి కప్పి ఉండే అవభాసిని, అంటే కైటిన్ అనే పీచులాంటి పదార్థమూ ప్రోటీన్లూ కలిసి ఏర్పడిన పైపొర. వెన్నెముక ఉన్న జంతువులలో ఎముక లోపల ఉండి కండరం దాని చుట్టూ అల్లుకుని ఉంటే, కీటకాలలో గట్టి భాగం బయట ఉండి కండరం దాని లోపలి గోడలకు అతుక్కుని ఉంటుంది. ఈ అవభాసిని ఒకచోట గట్టిపడి కవచమవుతుంది, కీళ్ల దగ్గర మెత్తబడి మడతబందు అవుతుంది, తుంటి దగ్గర వంగి స్ప్రింగులా పనిచేస్తుంది, పలుచని రేకులా సాగి రెక్క అవుతుంది. అందుచేత కీటకాల గమనాన్ని వేగాల పట్టికగా కంటే, ఒకే పదార్థం ఎన్ని పనులకు ఎలా మలిచి ఉన్నదో తెలిపే వృత్తాంతంగా చదివితే విషయం ఎక్కువ బోధపడుతుంది.

దీనికి తోడు కీటకపు చిన్న పరిమాణం ఉంది. ఒక శరీరం పొడవు పదో వంతుకు తగ్గితే దాని ఉపరితలం నూరో వంతుకు, బరువు వెయ్యో వంతుకు తగ్గుతాయి కాబట్టి, చిన్న ప్రాణులకు బరువు స్వల్ప విషయమై, గాలి నిరోధం, నీటి తలతన్యత, ఉపరితలాల అంటుకునే గుణం వంటివి పెద్ద బలాలవుతాయి. చెట్టు కొమ్మ నుంచి జారిపడిన చీమకు దెబ్బ తగలకపోవడానికీ, అదే చీమ ఒక నీటి బొట్టులో చిక్కుకుంటే బయటపడలేకపోవడానికీ కారణం ఇదే.

ఈ వ్యాసం ఆరు కాళ్ల కీటకాలకే పరిమితం. తొలకరిలో ఎర్ర మఖమలు ముక్కలా కనిపించే ఆరుద్ర పురుగు పెరిగాక ఎనిమిది కాళ్లతో నడిచే నల్లుల (మైట్ల) వర్గపు జీవి కనుక కీటకం కాదు. పొట్ట కింది పంగ వంటి అవయవంతో ఎగిరిపడే స్ప్రింగ్‌టెయిళ్లను కూడా శాస్త్రజ్ఞులు ఇప్పుడు కీటకాల నుంచి వేరు చేసి చూస్తున్నారు.

నడక, పరుగు, పాకుడు

కీటకం శరీరంలో తల, ఉరస్సు, ఉదరం అనే మూడు భాగాలు ఉండగా, కాళ్లూ రెక్కలూ ఉరస్సుకే అమరి ఉంటాయి. ఉరస్సులోని మూడు ఖండాలకూ ఒక్కొక్క జత చొప్పున ఉండే కాళ్లలో ప్రతి కాలికీ మొదటి నుంచి చివరికి కోక్సా, ట్రోకాంటర్, ఫీమర్, టిబియా, టార్సస్ అనే ఐదు భాగాలు, చివర గోళ్లు ఉంటాయి. చాలా కీటకాలు వేగంగా నడిచేటప్పుడు ఒక పక్క ముందు, వెనుక కాళ్లనూ, రెండో పక్క నడిమి కాలునూ ఒకేసారి నేలకు ఆనించి, మిగిలిన మూడింటినీ ముందుకు వేస్తాయి. ఏ క్షణంలో ఆగినా శరీరం ముక్కాలి పీట మీద నిలిచినట్లు నిలకడగా ఉండడం ఈ పద్ధతిలోని సుగుణం. నడక నెమ్మదించినప్పుడు ఈ క్రమం సడలి, వెనుక నుంచి ముందుకు అల కదిలినట్లు కాళ్లు ఒకదాని తరువాత ఒకటి లేస్తాయి.

ఇళ్లలో తిరిగే పెద్ద బొద్దింక ఈ నియమాన్ని పాటించేది ఒక హద్దు వరకే. అమెరికాలో రాబర్ట్ ఫుల్ బృందం 1991లో ప్రచురించిన పరిశీలనల ప్రకారం, అది సెకనుకు దాదాపు ఒకటిన్నర మీటర్ల వేగాన్ని, అంటే తన ఒంటి పొడవుకు సుమారు 50 రెట్ల దూరాన్ని అందుకునేటప్పుడు ముందు భాగాన్ని పైకెత్తి, నాలుగు కాళ్ల మీద, చివరకు వెనుక రెండు కాళ్ల మీద మాత్రమే పరుగెడుతుంది. అదే బొద్దింక తన ఎత్తులో నాలుగో వంతు మాత్రమే ఉండే సందులోకి కూడా దూరగలగడానికి కారణం, దాని పైకవచపు పలకలు గట్టివే అయినా వాటిని కలిపే పొరలు మెత్తగా ఉండి, పలకలు ఒకదాని మీదికి ఒకటి జరిగి ఒళ్లంతా అణగడమే.

పరుగులో బొద్దింకను మించినవి టైగర్ బీటిళ్లు అనే వేటాడే పెంకుపురుగులు. ఆస్ట్రేలియాలో ఉండే ఒక జాతి సెకనుకు రెండున్నర మీటర్లు పరుగెత్తుతుంది. ఆ వేగంలో దాని కళ్లకు చేరే వెలుతురు చాలక ఎర రూపం చెదిరిపోవడం వల్ల, అది కొంత దూరం పరుగెత్తి, ఆగి, ఎరను మళ్లీ చూసుకుని, మళ్లీ పరుగెత్తుతుంది. సహారా ఎడారిలో ఉండే వెండి చీమ నడివేసవి మధ్యాహ్నపు మండే ఇసుక మీద సెకనుకు 85 సెం.మీ. వేగంతో, తన ఒంటి పొడవుకు 108 రెట్ల చొప్పున పరుగెడుతుందని 2019లో కొలిచారు. ఈ చీమకు దగ్గరి బంధువైన మరొక ఎడారి చీమ తాను నడిచిన దూరాన్ని అడుగుల లెక్కతో గుర్తుపెట్టుకుంటుందని 2006లో తేలింది. ఆహారం దొరికిన చోట పట్టుకుని కాళ్లకు పంది వెంట్రుకలతో కర్రకాళ్ల వంటి పొడిగింపులు అతికించిన చీమలు తిరుగు దారిలో పుట్టను దాటిపోయి వెతుక్కోగా, కాళ్లు కత్తిరించిన చీమలు పుట్టకు చేరకముందే ఆగి వెతుక్కున్నాయి. పేడ ఉండను వెనుక కాళ్లతో తోస్తూ తలకిందులుగా వెనక్కి నడిచే పేడపురుగుకు దూరం కంటే దిశ ముఖ్యం. చంద్రుడు లేని రాత్రుల్లో అది పాలపుంత వెలుగు పట్టీని ఆనవాలుగా చేసుకుని తిన్నగా సాగుతుందని మేరీ డాకే బృందం 2013లో నిరూపించింది.

గోడ మీద, గాజు మీద, పైకప్పుకు తలకిందులుగా నడిచే ఈగల పాదాల చివర మెత్తలు ఉంటాయి. వాటి మీది సన్నని కేశాలు స్రవించే తడి పలుచని పొరగా పరుచుకుని పాదాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ కష్టమంతా అంటుకోవడంలో లేదు, అడుగడుగుకూ విడిపించుకోవడంలో ఉంది. అందుకే పాదాన్ని ఒక్కసారిగా లాగకుండా ఒక అంచు నుంచి ఒలిచినట్లు ఎత్తడం ఇలా నడిచే కీటకాలన్నింటిలో కనిపిస్తుంది. తాటి జాతి మొక్క ఆకుల మీద బతికే ఒక అమెరికన్ పెంకుపురుగు చీమలు దాడి చేసినప్పుడు సుమారు 60,000 కేశాలను ఒకేసారి ఆకుకు ఆనించి, తన బరువుకు నూరు రెట్లకు మించిన లాగుడును కూడా తట్టుకుంటుంది.

గొంగళి పురుగులకు ఉరస్సు మీది మూడు జతల అసలు కాళ్లే కాక, ఉదరం కింద కండగల మిథ్యాపాదాలు ఉంటాయి. వాటి చివరి చిన్న కొక్కేలు ఆకును పట్టుకోగా శరీరం వెనుక నుంచి ముందుకు అలలా సాగుతుంది. పొగాకు మొక్కల మీద పెరిగే ఒక పెద్ద గొంగళిలో పేగు మొదట ముందుకు జరిగి, ఒంటి గోడ తరువాత దానిని అనుసరిస్తుందని ఎక్స్‌రే చిత్రాలు చూపాయి. ఉదరం నడుమ మిథ్యాపాదాలు తగ్గిపోయిన పురుగులు అలలా సాగలేక, వెనుక భాగాన్ని ముందు కాళ్ల దగ్గరికి లాక్కుని నడుమును విల్లులా ఎత్తి, మళ్లీ ముందుకు చాచుకుంటూ పోతాయి. ఆముదపు రైతులు దాసరి పురుగు, నామాల పురుగు అని పిలిచేది ఈ రకం నడక గలదే.

గెంతు

కీటకాల గమనంలో అవభాసిని ప్రతిభ అన్నింటికంటే స్పష్టంగా వెల్లడయ్యేది గెంతులో. కండరం ఎంత బలమైనదైనా అది కుదించుకోవడానికి కొంత సమయం పడుతుంది. చిన్న కాళ్లు నేలను తన్నగల సమయమేమో సెకనులో వెయ్యో వంతు ఉంటుంది. అంత తక్కువ వ్యవధిలో కండరం నేరుగా ఇవ్వగల శక్తి గెంతుకు ఎంతమాత్రం చాలదు. కాబట్టి గెంతే కీటకాలు విల్లంబు పద్ధతిని అనుసరిస్తాయి. కండరం నెమ్మదిగా కుదించుకుంటూ అవభాసినిని వంచి శక్తిని నిలువ చేస్తుంది, తలుపు గడియ లాంటి అమరిక దానిని పట్టి ఉంచుతుంది, గడియ ఊడిన క్షణంలో నిలువ ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా కాలికి చేరుతుంది.

ఈ పనిలో అవభాసినికి తోడుగా ఉండే రెసిలిన్ అనే రబ్బరు వంటి ప్రోటీన్‌ను డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు టోర్కెల్ వైస్-ఫో మిడతల రెక్కల కీళ్లలో, తూనీగల స్నాయువులో గుర్తించి 1960లో వివరించాడు. సాగదీసి వదిలితే తనలోకి తీసుకున్న శక్తిలో దాదాపు 97 శాతాన్ని తిరిగి ఇచ్చే పదార్థం అది. రెక్కలు లేని గెంతుడు పురుగుకు, అంటే కుక్కల, పిల్లుల ఒంటి మీద ఉండే ఫ్లీకి, ఉరస్సు పక్కన ఇలాంటి రెసిలిన్ మెత్త ఉన్నదని 1967లో బెన్నెట్-క్లార్క్, లూసీ చూపారు. రెక్కలు పోయినా రెక్కల కీలుకు సంబంధించిన ఆ స్ప్రింగు గెంతుకు మిగిలి ఉండడం పరిణామ చరిత్రలో గమనించదగిన విషయం. ఆ శక్తి నేలకు చేరేది కాలి మొదటి భాగం నుంచా, చివరి నుంచా అన్న వాదం నాలుగు దశాబ్దాలు నడిచి, 2011లో కేంబ్రిడ్జిలో అతివేగపు కెమెరాలతో తీసిన చిత్రాల వల్ల, టిబియా, టార్ససులే నేలను తన్నుతాయని తేలి ముగిసింది.

మిడత గెంతుకు గడియ మోకాలిలోనే ఉంది. కాలు పూర్తిగా ముడిచి ఉన్నప్పుడు, ముడిచే చిన్న కండరానికి అనుకూలమైన కోణం దొరకడం వల్ల అది చాచే పెద్ద కండరాన్ని ఆపి ఉంచగలుగుతుంది. ఆ లోపల పెద్ద కండరం మోకాలి దగ్గరి అర్ధచంద్రాకారపు అవభాసిని పలకలను వంచి పెడుతుంది. చిన్న కండరం సడలగానే కాలు విచ్చుకుంటుంది. శాబక దశలో, అంటే రెక్కలు పూర్తిగా రాని పిల్లదశలో, మొక్కల మీద ఉమ్మిలాంటి నురుగులో దాగి ఉండే ఫ్రాగ్‌హాపర్ మరీ గొప్పది. ఆరు మిల్లీమీటర్ల ఈ పురుగు 70 సెం.మీ. ఎత్తుకు గెంతుతుందనీ, బయలుదేరే క్షణంలో దాని త్వరణం గురుత్వాకర్షణకు 400 రెట్లకు చేరుతుందనీ మాల్కమ్ బరోస్ 2003లో ప్రకటించాడు.

ఇంత వేగంలో రెండు వెనుక కాళ్లలో ఒకటి లేశమాత్రం ముందు కదిలినా పురుగు పక్కకు గిరగిర తిరిగిపోతుంది. నాడుల ద్వారా వచ్చే ఆజ్ఞ అంత కచ్చితంగా రెండు కాళ్లనూ జతపరచలేదు. ఈ సమస్యకు ఇస్సస్ అనే యూరప్ పురుగు శాబకాలలో ఉన్న పరిష్కారాన్ని బరోస్, సట్టన్ 2013లో వెల్లడించినప్పుడు యంత్రశాస్త్రం తెలిసినవారు సైతం ఆశ్చర్యపడ్డారు. రెండు వెనుక కాళ్ల ట్రోకాంటర్ల మీద పది పన్నెండు పళ్ల వరుస ఒక్కొక్కటి ఉండి, గడియారపు చక్రాలలా ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతాయి. ఆ పళ్ల వల్ల ఒక కాలు కదిలితే, సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో ముప్పై వంతుల లోపే రెండోదీ కదలకతప్పదు. చివరిసారి కుబుసం విడిచి పెద్దదైనప్పుడు ఈ పళ్లు మాయమవుతాయి. పన్ను విరిగితే మరో కుబుసంతో బాగుచేసుకునే అవకాశం పెద్ద పురుగుకు లేకపోవడం దీనికి కారణం కావచ్చునని ఒక ఊహ. ఆంధ్ర, తెలంగాణ వరి పొలాల్లో సుడిదోమ అనే పేరుతో రైతులను నష్టపరిచే పురుగు కూడా ఇస్సస్ చేరిన ఫల్గోరాయిడియా వర్గానికి చెందినదే.

కాళ్లతో పనిలేని గెంతులు కూడా ఉన్నాయి. వెల్లకిలా పడిన ఎలాటెరిడే కుటుంబపు పెంకుపురుగు నడుము వంచి, ఉరస్సు ముందు ఖండం కింది ములుకును తరువాతి ఖండపు గుంట అంచున ఆనించి ఉంచుతుంది. ములుకు టక్కున గుంటలోకి జారగానే ఒళ్లంతా గాలిలోకి ఎగురుతుంది. ఓడంటోమేకస్ చీమలు దవడలను సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో మూసి, ఆ దెబ్బ నేలకు తగిలేలా చేసుకుని వెనక్కి ఎగిరి తప్పించుకుంటాయి. దక్షిణ భారతంలో ఉండే హార్పెగ్నాథస్ సాల్టేటర్ అనే చీమ మాత్రం కాళ్లతోనే ఎర మీదికి దూకుతుంది. దానిని 1851లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన థామస్ జెర్డన్ నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడు. ఆ చీమ శాస్త్రీయ నామంలోని రెండో పదానికి నర్తకుడు, దూకేవాడు అని అర్థం.

నీటి మీద, నీటి లోపల

చెరువు నీటి మీద పొడవాటి కాళ్లతో జారే జెర్రిడే కుటుంబపు పురుగుల పాదాల మీది కేశాలు గాలిని పట్టి ఉంచడం వల్ల పాదం నీటిలో మునగక, నీటి ఉపరితలం సాగిన గుడ్డలా కొంచెం లోపలికి వంగి వాటిని మోస్తుంది. ముందు జత ఎరను పట్టడానికి, నడిమి జత తెడ్లుగా, వెనుక జత చుక్కానిగా పనికివస్తాయి. ఈ పురుగులు నీటిలో అలలను లేపి వాటిని వెనక్కి తోయడం వల్ల ముందుకు పోతాయన్నది చాలాకాలం ఉన్న భావన. అయితే నీటి మీద అల పుట్టాలంటే కాలి వేగం సెకనుకు 23 సెం.మీ. మించాలి. పిల్ల పురుగుల కాళ్లు అంత వేగంగా కదలవు, అయినా అవి జారుతూనే ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని 2003లో అమెరికాలో హూ, చాన్, బుష్ రంగు నీళ్లతో విప్పారు. కాలు కొట్టిన ప్రతిసారీ నీటి అడుగున రెండు చిన్న సుడులు పుట్టి వెనక్కి పోతాయి, వాటి తోపుడే పురుగును నడుపుతుంది. ఈ కుటుంబంలోనే హాలోబేటిస్ అనే ప్రజాతికి చెందిన కొన్ని జాతులు హిందూ మహాసముద్రంతో సహా నడిసముద్రాల మీద, ఒడ్డు మొహం చూడకుండా బతుకు వెళ్లదీస్తాయి. అంత విశాలమైన ఉప్పునీటిని ఆవాసం చేసుకున్న కీటకాలు మరేవీ లేవు.

స్టెనస్ పెంకుపురుగు నీటిలో పడితే పొట్ట చివరి నుంచి ఒక స్రావాన్ని వదులుతుంది. అది వెనుక ఉన్న నీటి తలతన్యతను తగ్గించడంతో ముందున్న నీరే పురుగును లాక్కుపోతుంది. నీటి పైన గిరికీలు కొట్టే గైరినిడే పెంకుపురుగుల కళ్లు నీటి పైన చూసేవి, కింద చూసేవి అని రెండు భాగాలై ఉంటాయి. నోటోనెక్టా అనే నీటి పురుగు వెల్లకిలా ఈదుతుంది. తూనీగ పిల్లదశ నీటిలో గడిచేటప్పుడు పురీషనాళంలోకి నీరు పీల్చుకుని బలంగా వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. అదే గదిలో దాని మొప్పలు కూడా ఉండడం వల్ల ఊపిరికీ పరుగుకూ ఒకే నీరు సరిపోతుంది.

ఎగరడం

వెన్నెముక లేని జీవులలో రెక్కలు కొట్టి ఎగరగలిగినవి కీటకాలు మాత్రమే. రెక్కల కీటకాల శిలాజాలు 30 కోట్ల సంవత్సరాలకు పైబడినవి దొరికినందున, పక్షులూ గబ్బిలాలూ ఎగరడం నేర్చిన కాలానికి చాలా ముందే ఆకాశం కీటకాలదై ఉండేదని చెప్పవచ్చు.

తూనీగలలో ఎగిరే కండరాలు రెక్కల మొదళ్లకే నేరుగా అతికి ఉండి, నాలుగు రెక్కలనూ వేరువేరుగా నడుపుతాయి. గాలిలోనే ఆగడం, వెనక్కి జరగడం, తటాలున మళ్లడం వాటికి సాధ్యమవుతున్నది ఈ స్వాతంత్ర్యం వల్లనే. ఈగలు, తేనెటీగలు, పెంకుపురుగులలో పద్ధతి వేరు. వాటి కండరాలు రెక్కలను తాకవు. ఉరస్సు అనే డబ్బాను ఒక జత కండరాలు పైనుంచి కిందికి, మరొక జత ముందు నుంచి వెనక్కి నొక్కగా, డబ్బా ఆకారం మారి, దాని అంచుకు అమర్చిన రెక్కలు లేస్తూ దిగుతూ ఉంటాయి. ఒక కండరం కుదించుకున్నప్పుడు రెండోది సాగుతుంది, సాగడమే దానికి కుదించుకోమనే ఆజ్ఞ అవుతుంది. కనుక నాడి ఒక్కసారి ప్రేరేపిస్తే రెక్క అనేకసార్లు కొట్టుకుంటుంది. జాన్ ప్రింగిల్ 1949లో ఈ సంగతిని నిరూపించిన తరువాతే, తేనెటీగ సెకనుకు 230 సార్లు, కొన్ని అతిచిన్న దోమజాతి పురుగులు 1,000 సార్లకు మించి రెక్క కొట్టడం ఎలా సాధ్యమో అర్థమైంది. చెవి దగ్గర దోమ రొద కూడా నోటి నుంచి వచ్చేది కాదు, ఈ రెక్కల స్పందనే.

ఈగలకూ దోమలకూ వెనుక రెక్కలు గుబ్బకాడల వంటి హాల్టియర్లుగా మారాయి. అవి రెక్కలతోపాటు కొట్టుకుంటూ, ఒళ్లు ఏ పక్కకు తిరిగినా తమ మొదళ్లలో కలిగే ఒత్తిడి ద్వారా ఆ సంగతిని నాడులకు తెలుపుతాయి. అవి తీసివేసిన ఈగ నిలకడ కోల్పోయి పడిపోతుంది.

తుమ్మెద ఎగరడం భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం అసాధ్యమనే మాట నేటికీ వినిపిస్తుంది. దానికి మూలం 1934లో ఆంటోయిన్ మాన్యాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పుస్తకంలోని ఒక లెక్క. ఆ లెక్క కదలని విమానపు రెక్కలకు వర్తించేది, కాబట్టి దానిలో తప్పిపోయింది శాస్త్రం కాదు, పోలిక. కీటకపు రెక్క ముందుకూ వెనక్కూ ఊగుతూ, ప్రతి ఊపు చివరా తిరగబడుతుంది. అలా ఊగే రెక్క ముందంచు వెంట ఒక సుడి ఏర్పడి అక్కడే అంటుకుని ఉండి, రెక్క పైన ఒత్తిడిని తగ్గించి శరీరాన్ని పైకి లాగుతుందని చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం 1996లో పెద్ద చిమ్మటల మీద, వాటిని పోలిన యంత్రం మీద పొగను వదిలి చూపింది. మైకేల్ డికిన్సన్ నూనె తొట్టిలో ఆడించిన పెద్ద ఈగ రెక్కల నమూనా 1999లో ఇంకా రెండు ఉపాయాలను బయటపెట్టింది. రెక్క తిరగబడే క్షణంలోనూ పైకెత్తే బలం పుడుతుంది, తన వెనుకటి ఊపు వదిలిన సుడిలోని శక్తిని రెక్క కొంత తిరిగి రాబట్టుకుంటుంది. మిల్లీమీటరు కూడా లేని ఎన్కార్సియా కందిరీగ రెక్కలను వీపు మీద చప్పట్లు కొట్టినట్లు కలిపి, పుస్తకం తెరిచినట్లు విప్పి, ఆ సందులోకి దూసుకొచ్చే గాలితో సుడిని పుట్టించుకుంటుందని వైస్-ఫో 1973లోనే వర్ణించాడు.

కొన్నింటికి రెక్కలు ఒకే ప్రయాణానికి. తొలివానల సాయంత్రాలలో దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు చెదపుట్టల నుంచి వెలువడిన మగ, ఆడ చెదలు. నేలకు దిగగానే అవి రెక్కలను వాటి మొదళ్లలో ఉన్న బలహీనమైన గీత దగ్గర విరుచుకుని, జంటలుగా కొత్త పుట్టకు చోటు వెతుక్కుంటాయి. అసలు రెక్కలే లేని కొన్ని అమెరికా అడవి చీమలు కూడా, కొమ్మ నుంచి పడినప్పుడు కాళ్లనూ పొట్టనూ వాలుగా చాపి, గాలిలో మళ్లి, అదే చెట్టు మానుకు వెనుక వైపుగా వచ్చి పట్టుకుంటాయి.

దూరప్రయాణాలు

సుడిదోమలు పొలంలో ఇరుకు ఏర్పడి, పైరు ముదిరినప్పుడు పొడవు రెక్కల తరాన్ని, మేత సమృద్ధిగా ఉన్నప్పుడు పొట్టి రెక్కల తరాన్ని ఇస్తాయి. పొడవు రెక్కలవి గాలివాటున సముద్రం దాటుతాయన్న సంగతి, 1967లో జపాన్‌కు దక్షిణాన నడిసముద్రంలో ఉన్న వాతావరణ పరిశీలన నౌక మీద అవి గుంపుగా వాలినప్పుడు బయటపడింది. ఎడారి మిడతల దండు అనుకూలమైన గాలిలో రోజుకు 150 కి.మీ. వరకు సాగగలదు. 2020 మేలో విదర్భకు చేరిన దండు తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేయించింది. ఒంటరిగా తిరిగే సాధువైన మిడత, దండుగా కదిలే మిడత వేర్వేరు జాతులు కావనీ, ఒకే జాతి రెండు దశలనీ బోరిస్ ఉవరోవ్ 1921లో ప్రతిపాదించేవరకు ఈ దండ్లు ఎక్కడి నుంచి పుడతాయో తెలియలేదు.

వీటన్నింటికంటే దూరం వెళ్లేది వానాకాలపు పొలాల మీద, ఖాళీ స్థలాల మీద గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగ పాంటాలా ఫ్లేవెసెన్స్. మాల్దీవుల్లో నివసించిన చార్లెస్ ఆండర్సన్, తూనీగలు పెరగడానికి తగిన మంచినీటి మడుగులు దాదాపు లేని ఆ దీవులకు ప్రతి ఏటా అక్టోబరు నుంచి ఇవి వేలకొద్దీ రావడం గమనించి, 2009లో ఒక వివరణ ఇచ్చాడు. దాని ప్రకారం ఇవి భారతదేశం నుంచి బయలుదేరి, సముద్రం మీద వెయ్యి మీటర్లకు పైన వీచే గాలులను పట్టుకుని తూర్పు ఆఫ్రికా చేరుతాయి, అక్కడి వానలలో గుడ్లు పెడతాయి, తరువాతి తరాలు నైరుతి గాలులతో తిరిగి వస్తాయి. రాకపోకల మొత్తం దూరం 14,000 నుంచి 18,000 కి.మీ. వరకు ఉంటుందని అంచనా. మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కలలోని హైడ్రోజన్ రకాలను పరీక్షించగా, వాటి పిల్లదశ గడిచిన నీరు ఉత్తర భారతానిదో, ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాంతానిదో అయి ఉంటుందని తేలింది. దీని వెడల్పాటి వెనుక రెక్కల మొదళ్లు, రెక్క కొట్టకుండా ఎక్కువసేపు తేలిపోవడానికి అనువుగా ఉంటాయి. ఇది ఎండిపోయే వాననీటి గుంటలనే ఎంచుకుని గుడ్లు పెడుతుంది, పిల్లలు సుమారు ఆరు వారాలకే రెక్కలు తెచ్చుకుంటాయి. ఒక చుట్టు పూర్తి కావడానికి నాలుగు తరాలు పడుతుంది కనుక, జూన్ వానలతో తిరిగి వచ్చే తూనీగలలో ఏదీ అంతకుముందు ఈ నేలను చూసినది కాదు.